పొగ అలారానికి కవరు కట్టమనే ఆ మెసేజ్‌ను దయచేసి ఎవరికీ పంపకండి

ఈ వారంలో నాకిది అయిదోసారి రావడం. "హాస్టల్లో ఉండే మీ పిల్లల ప్రాణాలు కాపాడే 7 సూత్రాలు. కనీసం పది మందికి పంపండి" అని. మొదట పిన్ని పంపింది. తర్వాత డిగ్రీ బ్యాచ్ గ్రూపులో కనబడింది. నిన్న రాత్రి నాతో మూడేళ్లు ఒకే హాస్టల్లో ఉన్నవాడే పంపాడు. ఫోన్ చేసి గట్టిగానే అడిగాను. "మంచికే కదరా, పంపితే పోయేదేముంది" అన్నాడు. పోయేదేముందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. యూనివర్సిటీ హాస్టల్లో రెండేళ్లు ఫ్లోర్ ఇన్‌ఛార్జ్‌గా ఉన్నాను. అర్ధరాత్రి తలుపులు కొట్టి పిల్లల్ని కిందికి దింపే పని నాదే.

ముందు పనికిరానివి పక్కన పెడదాం. ఏటీఎం దగ్గర ఎవరైనా బెదిరిస్తే పిన్ తిరగేసి కొడితే పోలీసులకు కబురు వెళ్తుందన్నది ఒకటో సూత్రం. వెళ్లదు. బ్యాంకులు అలాంటి ఏర్పాటు పెట్టలేదు. పిన్ 2112 అయినవాళ్లు తిరగేస్తే ఏం వస్తుందో చూసుకోండి, చాలు. ఆడపిల్లలు గది బయట మగవాళ్ల చెప్పులు పెట్టుకోవాలన్నది రెండోది. ఏ గదిలో ఎవరుంటారో ఫ్లోర్ మొత్తానికి తెలిసిన చోట చెప్పులు ఎవరినీ ఆపవు. రూమ్ నంబరు, క్లాసుల టైమ్‌టేబుల్ చుట్టాల గ్రూపులో పెట్టమంటుంది ఆరోది. వద్దు. ఇంట్లోవాళ్లకూ ఒకరిద్దరు దగ్గరి స్నేహితులకూ తెలిస్తే సరిపోతుంది. రెండొందల మంది ఉన్న గ్రూపులో పెడితే గది ఎప్పుడు ఖాళీగా ఉంటుందో రెండొందల మందికి చెప్పినట్టే.

మూడో సూత్రం వినడానికి బాగుంటుంది. "ప్రమాదం ఎప్పుడూ బయటివాళ్ల నుంచే. తోటి విద్యార్థులు మన కుటుంబం లాంటివాళ్లు, వాళ్లను అనుమానించకండి" అంటుంది. 1986 ఏప్రిల్‌లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో, లీహై యూనివర్సిటీ హాస్టల్ గదిలో జీన్ క్లెరీ అనే 19 ఏళ్ల అమ్మాయిని అత్యాచారం చేసి చంపేశారు. చంపింది అదే యూనివర్సిటీలో చదువుతున్న విద్యార్థి. తమంతట తాము తాళం పడాల్సిన మూడు తలుపులు దాటి వచ్చాడు. ఆ మూడింటికీ ఎవరో ఏదో అడ్డం పెట్టి తెరిచి ఉంచారు. గది తలుపుకూ తాళం వేసి లేదు. ఆమె తల్లిదండ్రులు ఏళ్ల తరబడి పోరాడితే, క్యాంపస్‌లో జరిగే నేరాల లెక్కలు కాలేజీలు బయటపెట్టాలని 1990లో అక్కడ చట్టం వచ్చింది. ఇప్పటికీ ఆమె పేరుతోనే పిలుస్తారు దాన్ని.

నేనేమీ తోటి పిల్లల్ని దొంగల్లా చూడమనడం లేదు. మెయిన్ డోర్ మూసుకోకుండా రాయి అడ్డం పెట్టడం, వెనకాల ఎవరో వస్తున్నారని మర్యాదకు తలుపు పట్టుకుని నిలబడటం, ఈ రెండూ మానేయమంటున్నాను. "మీ కార్డు టచ్ చేసి రండి" అనడం మొరటుతనం కాదు. లోపల ఉండేవాళ్లయితే ఒక్క సెకను పని, బాధపడరు. ఇక హాస్టల్లో వస్తువులు పోయేది ఎక్కువగా తాళాలు పగలగొట్టడం వల్ల కాదు. ఎవరో వరుసగా హ్యాండిల్స్ తిప్పుకుంటూ పోతారు, తెరుచుకున్న గదిలోకి దూరతారు. మా ఫ్లోర్‌లో ల్యాప్‌టాప్ పోయిన అమ్మాయి స్నానానికి వెళ్లింది, అంతే. తిరిగొచ్చేసరికి టేబుల్ మీద ఛార్జర్ మాత్రం వేలాడుతోంది. ఫోన్లో *#06# కొడితే కనబడే ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోన్‌కూ వేరుగా ఉండే గుర్తింపు నంబరు), ల్యాప్‌టాప్ సీరియల్ నంబరు ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే ఫిర్యాదు ఇచ్చే రోజు పనికొస్తాయి. ఏడు సూత్రాల్లో ఈ ముక్క ఒక్కదానిలోనూ లేదు.

నాలుగోది: రాత్రి గది లోపల అదనంగా తాళంకప్ప వేసి, తాళంచెవి దిండు కింద దాచుకోవాలట. గడియ వేసుకోండి, తప్పకుండా వేసుకోండి. కానీ లోపలి నుంచి చేత్తో ఒక్క తిప్పుతో తెరుచుకునేదే వేసుకోండి. కరెంటు పోయిన చీకట్లో, గది నిండా పొగ, దగ్గుతూ, దిండు ఎటు పడిపోయిందో వెతుక్కుంటూ తాళంచెవిని కప్పలో పెట్టడం ఎంతసేపు పడుతుందో, ఈ మెసేజ్ పంపేవాళ్లు ఒక్కసారి దీపాలార్పి కళ్లు మూసుకుని చేసి చూడండి.

ఇక అయిదోది. నేను ఇంతగా కోప్పడేది దీని గురించే. "స్మోక్ డిటెక్టర్లు ఊరికే మోగి నిద్ర చెడగొడతాయి. ప్లాస్టిక్ కవరు కట్టి రబ్బరు బ్యాండు వేయండి. అలారం మోగినా కంగారుపడి బయటికి పరుగెత్తకండి, అలా బయటికి రప్పించి దొంగలు గదులు దోచుకుంటారు. ముందు స్నేహితులకు ఫోన్ చేసి నిజమో కాదో కనుక్కోండి." అక్షరాలా ఇలాగే ఉంది.

2000 జనవరి 19న న్యూజెర్సీలోని సీటన్ హాల్ యూనివర్సిటీలో, బోలాండ్ హాల్ అనే ఫస్ట్ ఇయర్ హాస్టల్లో తెల్లవారుజామున నాలుగున్నర ప్రాంతంలో అలారం మోగింది. అంతకుముందు నెలల్లో అక్కడ మంటలేమీ లేకుండానే అలారాలు పదేపదే ఊరికే మోగాయి. దాంతో ఇదీ అలాంటిదే అనుకుని మంచం దిగని పిల్లలున్నారు. ఈసారి నిజంగానే మూడో అంతస్తు లాంజ్‌లో సోఫా అంటుకుంది. ముగ్గురు పిల్లలు చనిపోయారు, యాభై మందికి పైగా గాయపడ్డారు. ఆ భవనంలో అలారాలున్నాయి గానీ మంటలార్పే స్ప్రింక్లర్లు లేవు. ఆ ఏడాదే హాస్టళ్లన్నిటిలో స్ప్రింక్లర్లు పెట్టాలని ఆ రాష్ట్రం చట్టం చేసింది. నిప్పు పెట్టింది అక్కడ చదివినవాళ్లే. ఆకతాయితనంతో చేశారు.

"పొగ వస్తే వాసనకు మెలకువ రాదా" అని మా పిన్ని అడిగింది. రాదు, పిన్నీ. గాఢ నిద్రలో ఉన్న మనిషిని వాసన లేపుతుందని నమ్మడానికి లేదు. శబ్దం లేపుతుంది. ఆ శబ్దం చేసేదానికే కవరు కట్టమంటోంది ఈ మెసేజ్. ఇప్పటి పరుపుల్లో, సోఫాల్లో ఉండేది ఫోమ్. అది అంటుకుంటే గది నిండటానికి పావుగంట పట్టదు, నిమిషాలే. ఆ నిమిషాల్ని ఫోన్లు చేసి కనుక్కోవడానికి వాడమంటున్నారు.

ఒప్పుకుంటాను, అలారాలు ఊరికే మోగుతాయి. మాడిన వంట, స్నానాల గది ఆవిరి, ఎవరో కాల్చిన సిగరెట్. పరీక్షల ముందు రాత్రి మూడింటికి మోగితే ఎంత ఒళ్లు మండుతుందో నాకు తెలుసు. ఫస్ట్ ఇయర్లో ఒకే నెలలో నాలుగోసారి మోగినప్పుడు నేనూ దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాను. సీనియర్ ఒకతను తలుపు బాదితే లేచాను. తలుపు తీస్తే కారిడార్‌లో ట్యూబ్‌లైటు చుట్టూ బూడిదరంగు మబ్బులా ఉంది. కిచెన్‌లో ఎవరో గిన్నె పొయ్యి మీద పెట్టి నిద్రపోయారు, పక్కనున్న గుడ్డ అంటుకుంది. ఆరు నిమిషాల్లో ఆర్పేశారు, ఎవరికీ ఏమీ కాలేదు. నేను ఫ్లోర్ ఇన్‌ఛార్జ్ పని అడిగి తీసుకుంది ఆ రాత్రి తర్వాతే. మొదటి వారం గదులన్నీ చూస్తే రెండింట్లో డిటెక్టర్లకు కవర్లున్నాయి. ఒకదానికి తెల్ల పాలిథీన్ కవరు, రబ్బరు బ్యాండు ఎండిపోయి పగుళ్లిచ్చింది. ఎన్ని నెలలుగా ఉందో ఆ గదిలో పిల్లలకే గుర్తులేదు. ఒకసారి కడితే మళ్లీ తీయరు. డిటెక్టర్ ఊరికే మోగుతుంటే రాసిచ్చి చోటు మార్పించండి, పాతదైతే కొత్తది పెట్టించండి. చేయకపోతే మళ్లీ రాయండి. గొడవ చేయాల్సింది అక్కడ.

అలారం మోగితే చేయాల్సింది కొంచెమే. తలుపు తీసేముందు చేతి వెనకవైపుతో తాకి చూడండి. వేడిగా లేకపోతే బయటికి రండి, వెనక తలుపు మూసేయండి, లిఫ్టు కాదు, మెట్లు. పొగ ఉంటే వంగి నడవండి. తలుపు వేడిగా ఉన్నా, కారిడార్ పొగతో నిండిపోయినా లోపలే ఉండి సందుల్లో తడిగుడ్డలు కుక్కండి, కిటికీ దగ్గరికి వెళ్లి ఫైర్ సర్వీసుకు ఫోన్ చేసి గది నంబరు చెప్పండి. ల్యాప్‌టాప్ కోసం వెనక్కి వెళ్లకండి.

ఏడో సూత్రం మాత్రం నిజం. పడుకునేటప్పుడు తలుపు పూర్తిగా మూసుకోమంటుంది. దొంగ వస్తే చప్పుడు వినిపిస్తుందని కారణం చెప్పారు, అది ఎలా ఉన్నా సలహా మంచిదే. మూసిన తలుపు మంటనూ పొగనూ చాలాసేపు ఆపుతుంది. గాలి ఆడదని ఓరగా తెరిచి పడుకునేవాళ్లు ఇది ఒక్కటైనా పాటించండి. మెసేజ్ మొత్తంలో నేను ఉంచమనే వాక్యం ఇదే.

మా చిన్నాన్న కూతురు ఈ మధ్యే హాస్టల్లో చేరింది. ఈ మెసేజ్ దానికీ ముగ్గురు పంపారట. నిన్న ఫోన్ చేసి, నీ గది నుంచి మెట్ల దాకా ఎన్ని తలుపులున్నాయి, చీకట్లో గోడ తడుముకుంటూ వెళ్లగలవా అని అడిగాను. "ఉండన్నా" అని ఫోన్ చేత్తో పట్టుకునే కారిడార్‌లోకి వెళ్లింది. లెక్కపెట్టుకుంటూ నడవడం నాకు వినిపించింది. ఎడమవైపు మెట్లకు ఆరు తలుపులు, కుడివైపు మెట్లకు పదకొండు. కుడివైపు తలుపుకు ఎవరో పాత మంచం అడ్డం పెట్టారంది. ఈ రోజు ఉదయం వార్డెన్‌కు రాసిచ్చింది.