చైన్ గుర్తుంది, కీర్తి గుర్తులేదు

గోదావరి జిల్లాల్లో ఏ దర్శకుడి మీద వాదన మొదలైనా ముందు తేలాల్సింది ఆయన మనోడా, కాదా అన్నదే. నరసాపురం బాపు, పాలకొల్లు దాసరి, పసలపూడి వంశీ, మట్టపర్రు సుకుమార్... వీళ్లను పల్లెత్తు మాటంటే టీ కొట్టు బెంచీ మొత్తం లేచి నిలబడుతుంది. రామ్‌గోపాల్ వర్మ దగ్గర ఆ మొహమాటం అక్కర్లేదు. ఆయన ఇంజినీరింగ్ చదివింది బెజవాడలో, తొలి సినిమా తీసింది హైదరాబాద్‌లో, దేశమంతా పేరు తెచ్చుకుంది బొంబాయిలో. డెల్టాకు ఆయన చుట్టమూ కాదు, పగవాడూ కాదు. ఆ తొలి సినిమా ‘శివ’ గురించీ, దాన్ని తీసిన మనిషి గురించీ ఉన్నదున్నట్టు మాట్లాడుకోవడానికి ఇంతకంటే అనువైన చోటు ఉండదు. అయినా ఇక్కడా అదే పాత కుస్తీ. కాలేజీ కుర్రాళ్ల చేతికి సైకిల్ చైన్ ఇచ్చిన సినిమా అది, తీసినవాడు చివరికి ఎక్కడ తేలాడో చూడండి అని ఒక వర్గం. తెలుగు సినిమాను ‘శివ’కు ముందు, ‘శివ’కు తర్వాత అని విడదీయాలి, అది తీసినవాడు ఆ తర్వాత ఏం తీసినా చెల్లుతుంది అని రెండో వర్గం.

రెండు వర్గాలూ సినిమాను పట్టుకుని వాదించడం లేదు. ఫోన్లలో తిరిగే రెండు నిమిషాల ముక్కను పట్టుకుని వాదిస్తున్నాయి. కాలేజీ గొడవలో హీరో శివగా నాగార్జున సైకిల్ చైన్ తెంపి ఆయుధంగా లాగే ముక్క అది. అదే సినిమాలో హీరో తొక్కిన దారికి మూల్యంగా ఒక చిన్నపిల్ల చనిపోతుంది. శివకు అన్న కూతురు. చైన్ సీన్ షాటు షాటుగా చెప్పగలిగిన వాళ్లలో ఆ పిల్ల పేరు కీర్తి అని ఠక్కున చెప్పేవాళ్లు తక్కువ. వర్మ ప్రతిష్ఠ మీద జరిగే గొడవంతా ఈ మరుపు మీదే నిలబడి ఉంది.

ముందు ఆ చైన్ సీనే చూద్దాం. సైకిల్ చైన్ అంటే అరంగుళం చొప్పున నూటికి పైగా లింకులు, ఒక్కో లింకుకూ ఉక్కు పిన్ను. ఏడెనిమిది వందల కిలోల బరువు వేలాడదీసినా తెగకూడదన్నది దాని ప్రమాణం. ఏ సైకిల్ షాపులోనైనా దాన్ని విప్పాలంటే జాయింటు లింకు వెతికి, స్క్రూడ్రైవరుతో క్లిప్పు జార్చి, పిన్ను తీయాలి. వట్టి చేత్తో లాగితే తెగేది వేలే. ఈ సంగతి 1989 అక్టోబర్ 5న సినిమా విడుదలైన రోజు హాల్లో కూర్చున్న ప్రతి కుర్రాడికీ తెలుసు. సైకిల్ తొక్కని ఇల్లు ఉందా డెల్టాలో? అయినా నమ్మాడు. ఎందుకంటే తెంపే ముందు సినిమా ఆగింది. ఎదురు నిలబడ్డ కాలేజీ రౌడీ జేడీ ముఖం, శివ ముఖం, మధ్యలో గాలి. చేయి సైకిల్ మీదికి పోయాక వినపడిన లోహపు చప్పుడే ఆ పని పూర్తి చేసింది. కన్ను ఒప్పుకోని దాన్ని చెవి చేత ఒప్పించాడు దర్శకుడు. ‘శివ’ పనితనమంతా ఈ కిటుకులోనే ఉంది. దెబ్బ కంటే దెబ్బకు ముందున్న ఎదురుచూపే ఎక్కువ భయపెడుతుంది.

విలన్ భవానీ పాత్రను కట్టిన తీరూ ఇదే. అప్పటిదాకా తెలుగు విలన్ గొంతు చించుకునేవాడు. భవానీగా రఘువరన్ గొంతు పెంచడు. పక్కవాడికి చెప్పినట్టు చెబుతాడు, వినేవాడే ముందుకు వంగాలి. ఆ పాత్ర చేత అరిపించి ఉంటే ‘శివ’ ఇంకో ఫైటింగు సినిమాగా మిగిలిపోయేది. కెమెరామన్ ఎస్. గోపాల్‌రెడ్డి చేతిలో స్టెడీకామ్ ఉంది, నడుస్తూ తీసినా బొమ్మ కుదపని పరికరం. తెలుగులో ఆ పరికరాన్ని గట్టిగా వాడిన తొలి సినిమాల్లో ఇదొకటి. ఆపరేటర్ ఒంటికి బిగించిన చొక్కా, దానికి స్ప్రింగుల చేయి, ఆ చేయి చివర అన్ని వైపులకూ తిరిగే కీలు (గింబల్), కింద బరువు సరిచూసుకోవడానికి బ్యాటరీ, మానిటర్. మనిషి పరిగెత్తినా అడుగుల కుదుపు కెమెరాకు అందదు. కీర్తిని ముందు కూర్చోబెట్టుకుని శివ సందుల్లో సైకిల్ తొక్కే ఛేజ్‌లో దాని విలువ తెలుస్తుంది. ట్రాలీ పట్టాలు వేయలేని ఇరుకులో చూపు వాళ్ల వెంటే జారుతూ పోతుంది. భయం ఆ పిల్ల ముఖంలో ఉంటుంది, ఫైటులో కాదు. చివర్లో ఆమె చావు తగలాలంటే ఈ సీను సరిగ్గా చూసి ఉండాలి.

అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. ఆ సీనును, ఆ నిశ్శబ్దాన్ని డెల్టా పల్లెలు ఏ స్థితిలో అందుకున్నాయి? ఆ రోజుల్లో కొత్త ప్రింటు పడేది రాజమండ్రి, కాకినాడ, ఏలూరు, భీమవరం లాంటి చోట్ల. అక్కడ ఆడి ఆడి అరిగాక పెట్టె రాజోలు, ముమ్మిడివరం, ఆచంట వైపు కదిలేది. 35 ఎంఎం ఫిల్మ్ వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు నడుస్తుంది. ధ్వని ఆ ఫిల్మ్ అంచునే సన్నటి గీతగా అచ్చయి ఉంటుంది. ప్రొజెక్టర్ పళ్లచక్రాల్లో నలిగి, గీతలు పడి, తెగినచోటల్లా అతుకు పడితే ప్రతి అతుకుకూ కొన్ని ఫ్రేములు పోతాయి. గీతలన్నీ స్పీకర్లో చిటపటలవుతాయి. చప్పుడు పెద్దగా ఉన్నచోట ఆ చిటపట వినపడదు, నిశ్శబ్దం ఉన్నచోట దాన్ని మింగేస్తుంది. అంటే అరిగిన ప్రింటులో ముందు పోయేది భవానీ గొంతు, ఆఖరుదాకా మిగిలేది చైన్ చప్పుడు. తర్వాత వీడియో క్యాసెట్లు వచ్చాయి. కోస్తా తేమకు టేపు మీద బూజు. ఆ తర్వాత ఫోన్ వచ్చింది. దాని వేలెడంత స్పీకరు మంద్ర స్వరాలను పలకనే పలకదు. ఇళయరాజా నేపథ్య సంగీతంలో అడుగున నడిచేదంతా అక్కడే రాలిపోతుంది. కుర్రాళ్లు చైన్ ఒక్కటే పట్టుకున్నారని పెద్దలు నిందించారు గానీ, వాళ్ల దాకా చేరిందే అది.

అందుకే ఈ సినిమా మీద వాదించదలచుకున్నవాళ్లు ముందు సరిగ్గా చూడాలి, నలుగురూ కలిసి చూడాలి. అమలాపురంలోనో తణుకులోనో యాభైమంది పట్టే హాలు దొరికితే చాలు. హక్కుదారుల నుంచి ప్రదర్శనకు అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. ఇంట్లో చూసుకునే ఓటీటీ చందా బహిరంగ ప్రదర్శనకు చెల్లదు. పన్నెండడుగుల వెడల్పు తెరకు 3000 ల్యూమెన్ల (వెలుతురు కొలత) ప్రొజెక్టర్ సరిపోతుంది, అదీ పూర్తి చీకటి ఉంటేనే. ఒక్క కిటికీలోంచి వీధిలైటు పడినా రాత్రి సీన్లు బూడిదరంగుకు తిరుగుతాయి. బొమ్మ సాగిందో లేదో తెలుసుకోవడానికి పరికరాలేం అక్కర్లేదు, తెర మీది సైకిల్ చక్రం చూడండి. కోడిగుడ్డులా కనపడితే సెట్టింగు తప్పు. టీవీ మీద వేస్తుంటే కదలికను నున్నగా చేసే ఆప్షన్ తీసేయాలి, లేకపోతే ఛేజ్ మొత్తం సీరియల్ షూటింగులా తయారవుతుంది.

ధ్వని దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. స్పీకర్లు వెనక గోడకు కాదు, తెరకు రెండు పక్కలా, కూర్చున్నవాళ్ల చెవి ఎత్తులో పెట్టాలి. మాట తెరలోంచి రావాలి. వాల్యూమ్‌ను పాటతో సరిచూడకూడదు. భవానీ అతి నెమ్మదిగా మాట్లాడే సీను పెట్టి, ఆఖరి వరసలో వినపడేంత వరకు పెంచి, అక్కడ వదిలేయాలి. ఫైటింగు రాగానే తగ్గించడం, మాటలు రాగానే పెంచడం చేస్తే దర్శకుడు కొలిచి పెట్టిన ఎత్తుపల్లాలు చదునైపోతాయి. సీలింగు ఫ్యాన్ల హోరు కూడా శత్రువే. మే నెలలో ఫ్యాన్ ఆపమంటే జనం లేచిపోతారు కాబట్టి డిసెంబరు, జనవరి సాయంత్రాలు పెట్టుకోవడం మంచిది. రేకుల షెడ్డయితే వానాకాలం ఊసే వద్దు. కరెంటు పోతే ల్యాంపు ప్రొజెక్టర్ వేడి చల్లారేదాకా మళ్లీ వెలగదు, ఆ కొద్ది నిమిషాల్లో హాలు సంతవుతుంది. కాబట్టి యూపీఎస్ తప్పనిసరి. విశ్రాంతిలో చర్చ పెట్టకూడదు. చైన్ మొదటి సగంలో వస్తుంది, దాని ఖరీదు రెండో సగంలో తెలుస్తుంది. సగంలో తీర్పు చెప్పినవాడు తర్వాత ఆ మాటనే పట్టుకు వేలాడతాడు.

సినిమా పూర్తయ్యాక అడగాల్సిన మొదటి ప్రశ్న: ఇది హింసను నెత్తికెత్తుకుందా? నా జవాబు అవునూ కాదూ అన్న గోడమీద పిల్లివాటం కాదు. కథ మొత్తంగా హింసను నెత్తికెత్తుకోలేదు. స్నేహితుడు మల్లి చస్తాడు, ఇల్లు చెదురుతుంది, కీర్తి పోతుంది. గెలిచిన శివ దగ్గర గెలుపు అనదగ్గది ఏదీ మిగలదు. కానీ చైన్ సీను ఒక్కటీ తీసుకుంటే నేరం ఉంది. ఆ సీను ఇచ్చే ఆనందం నిండుగా ఉంటుంది, దానికి అక్కడికక్కడే చెల్లింపు ఉండదు. చెల్లింపు గంట తర్వాత, వేరే మనుషుల ప్రాణాలతో జరుగుతుంది. ముక్కగా కోసి తీసుకుపోవడానికి వీలుగా ఆ సీనును అమర్చింది దర్శకుడే. ఆ బాధ్యత ఆయన మీద ఉంది. హీరోయిన్ ఆశా పాత్ర మీద ఇంకా పెద్ద ఫిర్యాదు ఉండాలి. చైన్ గొడవకు కారణం ఆమెకు జరిగిన అవమానం. పెళ్లయ్యాక ఆమెకు మిగిలింది ఒక ఇంటి పాట, కొంత కంగారు. తన వల్ల మొదలైన యుద్ధం గురించి ఆమె ఏమనుకుంటోందో సినిమా అడగదు. కుర్రాళ్లు చెడిపోయారని గోల పెట్టినవాళ్లలో ఈ మాట ఎత్తినవాళ్లు ఎంతమంది?

కాపీ అన్న నింద ఒకటుంది, దాని మీద ఎక్కువసేపు కూర్చోవాల్సిన పని లేదు. బ్రూస్ లీ సినిమాలోని హోటలు స్థానంలో కాలేజీని పెట్టానని వర్మే చెప్పుకున్నారు. రాహుల్ రవైల్ ‘అర్జున్’ (1985) పోలికలూ కనపడతాయి. ఎముకలు అరువువి. భవానీ మౌనం, తనికెళ్ల భరణి మాటలు, ఆ సందులు అరువువి కావు.

ఇక ప్రతిష్ఠ. ‘శివ’ను ఒక్కడి ఖాతాలో వేయడంతోనే లెక్క తప్పుతోంది. గోపాల్‌రెడ్డి కెమెరా, ఇళయరాజా, నానాజీగా నటించి మాటలూ రాసిన భరణి, కొత్తవాడిని నమ్మి డబ్బు పెట్టిన అన్నపూర్ణ స్టూడియోస్... వీళ్లందరినీ ఒక చూపు కిందికి తెచ్చింది వర్మ. అది చిన్న పని కాదు. ‘క్షణక్షణం’ (1991), ‘గాయం’ (1993), ‘రంగీలా’ (1995), ‘సత్య’ (1998), ‘కంపెనీ’ (2002) వరకు ఆయన పక్కన ఆయనకు ఎదురు చెప్పగల పనివాళ్లున్నారు. ‘సత్య’ రాసింది అనురాగ్ కశ్యప్, సౌరభ్ శుక్లా. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లూ తక్కువేం కాదు. తాడేపల్లిగూడెం నుంచి వెళ్లిన కృష్ణవంశీ తొలి సినిమా ‘గులాబి’కి నిర్మాత వర్మే. 2007లో ‘ఆగ్’ వచ్చేనాటికి ఆ ఎదురు చెప్పే గొంతు సినిమాలో వినపడటం మానేసింది. 2011లో ‘దొంగల ముఠా’ను స్టిల్ కెమెరాలతో 5 రోజుల్లో తీశారు. చిన్న కెమెరా తప్పు కాదు, తక్కువ రోజులూ తప్పు కాదు. పోయింది ఎదురుచూపు. కెమెరా టేబుల్ కిందా, కాలి సందునా దూరుతూ తనను చూడమంటుంది, మనిషిని చూడనివ్వదు. ‘శివ’లో కెమెరా ఉందన్న సంగతే మరిచిపోతాం. 

‘లక్ష్మీస్ ఎన్టీఆర్’ (2019), ‘వ్యూహం’ (2024) అనే రాజకీయ సినిమాల తర్వాత వాదన పార్టీ రంగు పులుముకుంది. గోదావరి జిల్లాల్లో ఇప్పుడు ‘శివ’ బాగుందనాలన్నా, లేదనాలన్నా ముందు ఓటెవరికో చెప్పాల్సిన పరిస్థితి. ఇది సినిమాకు జరిగిన అన్యాయం. 2024లో వచ్చిన దానికి 1989లో మార్కులు కోయడం ఎంత తప్పో, 1989 మార్కులతో 2024ను పాస్ చేయడమూ అంతే తప్పు. 2025 జనవరిలో ‘సత్య’ మళ్లీ విడుదలైనప్పుడు, విజయమూ అహంకారమూ తన కళ్లు కప్పాయని వర్మ స్వయంగా బహిరంగంగా రాసుకున్నారు. ఆయన్ను వెనకేసుకొచ్చే వర్గం కనీసం ఆయనంత నిజాయితీ చూపించాలి. తిట్టే వర్గం, ఆ మాట అనుకోవడానికి ముందు అంత మంచి సినిమా ఒకటి తీసి ఉండాలన్నది ఒప్పుకోవాలి.

2025 నవంబర్ 14న ‘శివ’ 4కేలో, డాల్బీ అట్మాస్ ధ్వనితో మళ్లీ థియేటర్లకొచ్చింది. బొమ్మ శుభ్రపడటం మేలే. ధ్వని సంగతి వేరు. ఒకే దారిలో వచ్చిన మోనో ధ్వనిని విడదీసి హాలు చుట్టూ పరిచారు. చైన్ చప్పుడు ఇప్పుడు ఇంకా గట్టిగా, ఇంకా దగ్గరగా తగులుతుంది. థియేటర్లో ఈల వేయడానికి అది బాగుంటుంది. 1989లో ఆ కుర్ర దర్శకుడు చేతిలో ఉన్న ఒకే ఒక్క ధ్వని దారిలో నిశ్శబ్దాన్నీ చప్పుడునూ ఎలా పంచాడో చూడాలంటే మాత్రం పాత మోనోలోనే చూడాలి. హాల్లో ప్రదర్శన పెట్టేవాళ్లు రెండూ సంపాదించి, పూర్తి సినిమా మోనోలో వేసి, కీర్తి ఉన్న సైకిల్ ఛేజ్ ఒక్కటి అట్మాస్ రూపంలో మరోసారి వేసి చూపిస్తే వాదనకు గట్టి సరుకు దొరుకుతుంది.