ఈ మీద చిన్న గీత

విశాఖలో చదువుకున్న కుర్రాళ్ళకి ఉద్యోగాలు ఎందుకు దొరకడం లేదో ఎట్టకేలకు తేలిపోయింది. చదువూ పనీ రాసి ఉద్యోగానికి ఇచ్చే కాగితాన్ని ‘రెజ్యుమే’ అనాల్సిన చోట వీళ్ళు ‘రెజ్యూమ్’ అంటున్నారట. ద్వారకానగర్ మేడల మీద స్పోకెన్ ఇంగ్లీషు చెప్పే మేధావులూ, ఇంటర్వ్యూ బల్లకి అవతల కూర్చునే మేనేజర్లూ ఉమ్మడిగా కనిపెట్టిన సత్యమిది. ఇంత పెద్ద రోగానికి ఇంత చిన్న మందు ఉండగా వేసుకోకపోవడం నేరం. వేసుకుందాం.

ఆర్, ఈ, ఎస్, యూ, ఎమ్, ఈ. మొత్తం ఆరక్షరాలు. ఫ్రెంచివాళ్ళు రెండు ‘ఈ’ అక్షరాల నెత్తినా కుడివైపుకి లేచిన చిన్న గీత పెడతారు. గీత ఉందంటే ‘ఏ’ పలకమని అర్థం. కనుక మొదట ‘రే’, చివర ‘మే’. నడుమ ఎస్ రెండు అచ్చుల మధ్య ఇరుక్కుంది కాబట్టి ‘స’ పలకదు, ‘జ’ అవుతుంది. అయితే ఇది ‘జనం’లో జ కాదు, ‘జడ’లో జకి చుట్టం. ‘జడ’ అన్నప్పుడు నాలుక కొస పళ్ళ వెనక తగులుతుంది చూడండి, అక్కడ తగలనివ్వకుండా గొంతుతో గాలి వదలండి, తుమ్మెద రొదలా వస్తుంది. ఇక యూ. పెదవులు ‘ఊ’ అన్నట్టు చుట్టి, లోపల నాలుకతో ‘ఈ’ అనాలి. అద్దం ముందు సాధన చెయ్యండి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు చెయ్యండి.

ఇంగ్లీషువాళ్ళకే ఇంత ఓపిక లేదు. యూ దగ్గర ‘యు’ అని సరిపెట్టేసి రెజ్యుమే అన్నారు. అమెరికావాళ్ళు అదీ మింగేసి ‘రెజమే’ అన్నారు. ఇద్దరూ బరువు వేసేది మొదటి అక్షరం మీదే. పైగా వాళ్ళ కీబోర్డులో ఆ గీత లేదని గీతే తీసేశారు. దాంతో ఈ మాటా, ఆగిన పని మళ్ళీ మొదలుపెట్టడమనే ‘రెజ్యూమ్’ మాటా కాగితం మీద అచ్చం ఒకలాగే కనబడతాయి. గీత ఎగరగొట్టింది వాళ్ళు, గుంజీలు తీసేది మనవాళ్ళు.

ఇప్పుడు ప్రయోగశాలకి, అంటే వాకిన్ ఇంటర్వ్యూకి వెళదాం. బొబ్బిలి నుంచి చీకటితో బస్సెక్కి వచ్చిన కుర్రాడు. చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు. లోపల నెట్ సెంటరులో ప్రింటు తీయించిన రెండు పేజీలు. తండ్రి పేరు, మాతృభాష, హాబీలు, పై వివరాలన్నీ నిజమని కింద ఒక ప్రమాణం, సంతకం. ‘సర్, మై రెజ్యూమ్’ అన్నాడు. మేనేజరుగారు కళ్ళు మూసుకున్నారు, పంటి నొప్పి వచ్చినవాడిలా దవడ పట్టుకున్నారు. పక్క కుర్చీలో ఆవిడ కర్తవ్యంగా నవ్వింది. ‘రె... జ్యు... మే’ అని సారు సాగదీశారు. ‘ఫ్రెంచ్ వర్డ్, యూ నో.’ కుర్రాడు ‘సారీ సార్’ అన్నాడు. ఫోల్డరు తెరవలేదు. నెక్స్ట్.

మధ్యాహ్నం అదే సారు సిరిపురంలో ఒక కేఫుకి వెళ్ళి ‘టూ క్రోసాంట్స్’ అన్నారు. చివర టి పలకదు సార్! ముందు ‘క్రువా’, తర్వాత ‘సా’ని ముక్కుతో వదలాలి. ఆ ముక్కు సవ్వడికి ఇంగ్లీషులో అక్షరం లేదు గానీ మన అరసున్న ఉంది: క్రువాసాఁ. పనికిరాదని పుస్తకాల్లోంచి తీసేశాం, ఇలాంటి అవసరం వస్తుందని ఎవరికి తెలుసు! సాయంత్రం మీటింగులో పోటీ కంపెనీకి ‘కూ ద గ్రా’ కొడదామన్నారు. ఫ్రెంచి అంటే చివరి హల్లు మింగడమేనని సారు గట్టి నమ్మకం. అక్కడ సి తర్వాత ఈ ఉంది, కాబట్టి ‘గ్రాస్’ అని పలికి తీరాలి. ‘గ్రా’ అంటే ఫ్రెంచిలో కొవ్వు. పాపం, ఆఖరి దెబ్బ కొట్టబోయి కొవ్వు దెబ్బ కొట్టారు. అంతా చప్పట్లు.

ఇంతకీ ఫ్రాన్సులో ఉద్యోగానికి వెళ్ళి రెజ్యుమే ఇస్తానంటే వింతగా చూస్తారు. అక్కడ ఆ మాటకి సంగ్రహం, సారాంశం అని అర్థం. ఉద్యోగానికి అడిగేది సీవీ, దాన్ని ‘సేవే’ అంటారు. ఆ రెండక్షరాల వెనకున్నది ‘కరిక్యులమ్ వీటే’ అనే లాటిన్.

మద్దిలపాలెం డిపోలో కండక్టరుగారిని చూడండి. ‘డిపో’ ఫ్రెంచి మాట, చివర టి ఉంది. డిపోట్ అని ఒక్కనాడైనా అన్నారా? పూలకొట్టు అబ్బాయి ‘బొకే’ అంటాడు, వంటమేస్త్రి ‘బఫే’ అంటాడు, అక్కడా టి మింగేస్తారు. సింహాచలం చందనోత్సవానికి క్యూలో నిలబడే మనిషి ఐదక్షరాల ఫ్రెంచి మాటని ఒక్క అక్షరంతో తేల్చేస్తాడు. వీళ్ళెవరికీ సర్టిఫికెట్లు లేవు, నవ్వేవాళ్ళూ లేరు. ఎందుకంటే వీళ్ళు ఉద్యోగం అడగడానికి ఎవరి ముందూ నిలబడలేదు.

నవ్వు ఎప్పుడూ అడిగేవాడి మీదే. ‘ఏటి’ అంటే నవ్వారు, ‘వొచ్చీసినాను’ అంటే సినిమాలో జోకరుకి అంటగట్టారు. సరే, యాస వదిలి ఇంగ్లీషు నేర్చుకుని వస్తే ఇప్పుడు ఫ్రెంచి అడుగుతున్నారు. 1757లో బొబ్బిలి కోట మీదికి ఫిరంగులతో వచ్చిన బుస్సీ అసలు సిసలు ఫ్రెంచివాడు, అతను కూడా బొబ్బిలివాళ్ళకి ఉచ్చారణ పరీక్ష పెట్టలేదు. ఆ రెండు పేజీల్లో కుర్రాడికి ఏ పని వచ్చో రాసుంది. చదవడం మీ ఉద్యోగం, దానికే మీకు జీతం. అది మానేసి ఒక పిల్లాడి నోరు చూసి నవ్వడానికి సిగ్గుండాలి.

సరే, మందు పూర్తి చేద్దాం. అమెరికా కంపెనీకైతే ఒకటి, మహా అయితే రెండు పేజీల రెజ్యుమే. బ్రిటన్‌కైతే అదే కాగితాన్ని సీవీ అనండి. యూనివర్సిటీ పోస్టుకైతే పేపర్లూ పాఠాలూ అన్నీ రాసిన పొడుగు సీవీ. గీత కావాలంటే ఫోనులో ఈ మీద వేలు నొక్కి పట్టండి, విండోస్ కంప్యూటరులో ఆల్ట్ నొక్కి పట్టి కీబోర్డు కుడివైపు అంకెల మీటలతో 0233 కొట్టండి. ఒకటి పెడితే రెండోదీ పెట్టండి. ఫైలు పేరులో మాత్రం అసలు వద్దు, కొన్ని పాత వెబ్‌సైట్లు ఆ గీతని పిచ్చి గుర్తులుగా మార్చేస్తాయి. మీ పేరు, పోస్టు పేరు, పీడీఎఫ్, అంతే. తెరిచి చదువుతారని మాత్రం హామీ ఇవ్వలేం.