చమురు ఉండేది సరస్సులో కాదు, రాయిలో

చమురు ఎలా ఏర్పడుతుంది, ఎలా తవ్వుతారు అని మీరు రాసిన వ్యాసంలో “భూమి లోపలి చమురు సరస్సులు” అన్న మాట సరిదిద్దాలండీ. చమురు ఇసుకరాయి, సున్నపురాయి సన్నని రంధ్రాల్లో, స్పాంజిలో నీళ్లలా ఇమిడి ఉంటుంది. డైనోసార్ల నుంచి వచ్చిందీ కాదు. ఆక్సిజన్ అందని సముద్రపు బురదలో పూడిపోయిన ప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మజీవులు), నాచు ముందు కెరోజెన్ అనే మైనంలాంటి ఘన పదార్థంగా మారతాయి. అది సుమారు 60 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ వేడిలో లక్షలు, కోట్ల ఏళ్లు మగ్గితే చమురు. 150 దాటితే ఎక్కువగా గ్యాసే. పైన షేల్ (బంకమట్టి గట్టిపడి ఏర్పడ్డ రాయి), ఉప్పు లాంటి బిగుతైన పొర మూతలా లేకపోతే ఇదంతా పైకి జారిపోతుంది.

తవ్వకం గురించి మీరు వదిలేసిన కీలకం డ్రిల్లింగ్ మడ్, అంటే తవ్వేటప్పుడు బావిలోకి పంపే బురదలాంటి చిక్కటి ద్రవం. పైపులోంచి కిందికి దిగి, రాయిని తొలిచే బిట్‌ను చల్లబరిచి, రాతి తునకల్ని పైకి మోసుకొస్తుంది. దాని సాంద్రత తక్కువైతే పొరల్లోని గ్యాస్ బావిలోకి చొరబడుతుంది. అందుకే బెరైట్ అనే బరువైన ఖనిజపు పొడి కలిపి బరువు పెంచుతారు. అలాగని మరీ పెంచితే రాయి పగిలి మడ్ ఆ పగుళ్లలోకే పోతుంది, బావిలో మట్టం పడిపోతుంది, మళ్లీ గ్యాస్ ఎగదన్నుతుంది. పంపిన దానికంటే తిరిగొచ్చే మడ్ ఎక్కువగా కనిపిస్తే అదే తొలి హెచ్చరిక. వెంటనే పంపులు ఆపి చూడాలి. ఆపినా ప్రవాహం ఆగకపోతే ఆలస్యం చేయకుండా బ్లోఅవుట్ ప్రివెంటర్‌ను, అంటే బావి నోటి దగ్గరుండే భారీ కవాటాన్ని, మూసేయాలి.