ముందు ఫారం, తర్వాతే పరిశోధన

విశ్వవిద్యాలయంలో పరిశోధకులకు గ్రాంట్లు వెతికిపెట్టి, అప్లై చేయించి, వచ్చిన డబ్బుకు లెక్కలు చూసే విభాగంలో నేను పనిచేస్తాను. ఈమధ్య మా మీద ఒక ఆరోపణ వినిపిస్తోంది. మేం సాయం చేయడం మొదలుపెట్టాక పరిశోధన చేసుకోవడానికి వాళ్లకు టైం మిగలడం లేదట. ఇంత మాట పడ్డాక కూడా ఊరుకుంటే అది మా విభాగానికే మర్యాద కాదు. అందుకే సవినయంగా ఈ నాలుగు మాటలు.

అసలు మా దగ్గరికి వచ్చేటప్పటికి పరిశోధకుడి పరిస్థితి ఎలా ఉంటుందో చూడండి. ఒకాయన నాచు మీద పనిచేస్తారు. రాళ్ల మీద పెరిగే మామూలు నాచు. కొన్ని రకాలు పూర్తిగా ఎండిపోయి, ముట్టుకుంటే పొడి రాలేలా అయ్యాక కూడా, నీటిచుక్క పడితే మళ్లీ పచ్చబడతాయి. అదెలా సాధ్యమో తెలుసుకోవాలని ఆయన కోరిక. "ఎందుకు సార్?" అని అడిగాను. "తెలియదు కాబట్టి" అన్నారు. ఆ జవాబు రాయడానికి ఏ ఫారంలోనూ గడి లేదు. అడిగితే గాని అమ్మైనా పెట్టదన్న పెద్దలు, అడిగేటప్పుడు ఎన్ని పేజీలకు మించకూడదో చెప్పకుండా వదిలేశారు. ఆ లోటు మేం పూడుస్తున్నాం.

మొదటి ఏడాది ఆ నాచును వాతావరణ మార్పుల కింద పంపాం. రాలేదు. రెండో ఏడాది ఆహార భద్రత కింద వేసి, కరువును తట్టుకునే పంటలకు నాచే దారి చూపాలన్నాం. కొద్దిలో తప్పిపోయింది. మహమ్మారి వచ్చిన ఏడాది, టీకాలను ఫ్రిజ్ లేకుండా ఎండబెట్టి దాచుకునే రహస్యం నాచులోనే ఉండొచ్చన్నాం. ఆ తర్వాత కృత్రిమ మేధ. ఇన్నేళ్లూ నాచు మాత్రం అదే గాజు గిన్నెలో, అదే కిటికీ పక్కన ఉంది. దానికి ఈ సంగతులేవీ తెలియవు. ఆయనకూ సరిగా గుర్తుండటం లేదనుకుంటా, ఒకరోజు మెట్ల మీద ఆపి, "ఇంతకీ ఇప్పుడు మనం ఆహారమా, ఆరోగ్యమా అండీ?" అని నన్నే అడిగారు.

ఫారంలో ఆయన్ను బాగా ఇబ్బంది పెట్టింది కాలపట్టిక. ఏ నెలలో ఏం కనుక్కుంటారో రంగు గీతలతో చూపించాలి. "కనుక్కోబోయేది ముందే తెలిస్తే ఇక కనుక్కోవడం దేనికండీ? ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమా?" అని కసురుకున్నారు. సోమలింగం పేరు ఖాయం చేయకపోతే సిస్టమ్ తర్వాతి పేజీకి వెళ్లదని ఓపిగ్గా నచ్చజెప్పి, ఇరవై ఆరో నెలలో అసలు విషయం కనుక్కుంటారని, ఆ తర్వాతి రెండు నెలలు దాని ప్రచారానికని రాయించాను. 'మీ ఊహ తప్పని తేలితే?' అన్న గడిలో ఆయన 'తప్పని తెలుస్తుంది' అని రాశారు. దాన్ని కొట్టేసి, 'ప్రత్యామ్నాయ వ్యూహం సకాలంలో అమలు చేయబడును' అని నేనే మార్చాను. ఆ వ్యూహం ఏమిటని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ఇవన్నీ చాదస్తాలని తీసిపారేసేవాళ్లు 2021లో ఆస్ట్రేలియా రీసెర్చ్ కౌన్సిల్ ఏం చేసిందో తెలుసుకోవాలి. ప్రిప్రింట్లను, అంటే సమీక్ష ఇంకా పూర్తికాని వ్యాసాలను, ప్రస్తావించిన పాపానికి కొందరి ఫెలోషిప్ దరఖాస్తులను అనర్హమని పక్కన పెట్టేసింది. గొడవ పెద్దదయ్యాక ఆ నియమం మార్చుకుందనుకోండి, అది వేరే సంగతి. మొదటి నిర్ణయంలో ఉన్న సుఖం చూడండి. శాస్త్రం జోలికే పోనక్కర్లేకుండా తీర్పు వచ్చేసింది.

అదే దేశంలో 2012లో వైద్య పరిశోధన ప్రాజెక్టులకు 3,727 దరఖాస్తులు వచ్చాయి. వాటిని రాయడానికి పట్టిన టైం అంతా కూడితే సుమారు 550 పని సంవత్సరాలని లెక్క తేల్చారు. ఐదింట నాలుగు దరఖాస్తులకు పైసా రాలేదు. గిట్టనివాళ్లు దీన్ని వృథా అంటారు. నేను ఒక్కటే అడుగుతాను. ఆ 550 ఏళ్లూ అంతమంది తెలివైనవాళ్లను ల్యాబుల్లో వదిలేసి ఉంటే ఏమేం కనిపెట్టి కూర్చునేవారో, దానికి ఎవరు జవాబుదారీ?

దరఖాస్తులు చదివి మంచిచెడ్డలు తేల్చే రివ్యూయర్ల మీద కూడా లేనిపోని అపవాదులున్నాయి. అమెరికాలో 43 మంది రివ్యూయర్ల చేత 25 దరఖాస్తులు చదివించి చూస్తే, ఒకే దరఖాస్తు మీద వాళ్ల మధ్య ఏకాభిప్రాయమన్నదే కనిపించలేదని 2018లో ఒక అధ్యయనం వచ్చింది. మా నాచు సార్‌కి ఇది కొత్తేం కాదు. ఒక రివ్యూయర్ 'ఆశ మరీ ఎక్కువ' అన్నారు, ఇంకొకరు 'ఆశయం చాలదు' అన్నారు. ఇద్దరి సూచనలూ తు.చ. తప్పకుండా పాటించి మళ్లీ పంపించాం. ఈ తలనొప్పి పడలేక న్యూజిలాండ్ హెల్త్ రీసెర్చ్ కౌన్సిల్ 2013లో ఒక రకం గ్రాంట్లకు, నాణ్యత పరీక్ష దాటిన దరఖాస్తుల్లోంచి లాటరీ తీసే పద్ధతి పెట్టింది. ఈ అలవాటు ముదిరితే ఏమవుతుందో అని నాకు టెన్షన్. లాటరీ చీటీకి మార్జిన్లు సరిచూసే పని ఎవరిది?

కాటలిన్ కరికో పేరెత్తి మమ్మల్ని దెప్పిపొడిచేవాళ్లూ ఉన్నారు. తర్వాత కోవిడ్ టీకాలకు ఆధారమైన ఎంఆర్‌ఎన్‌ఏ అనే అణువు మీద పనిచేస్తానంటే ఆ శాస్త్రవేత్తకు గ్రాంట్లు రాలేదు, 1995లో ఉద్యోగంలో హోదా తగ్గించారు, 2023లో నోబెల్ వచ్చింది. నిజమే. కానీ న్యాయంగా ఆలోచించండి. ప్రాజెక్టు కాలం మహా అయితే నాలుగైదేళ్లు. ఫలితం పావు శతాబ్దం దాటాక వస్తే, ఏ రంగు గీతలో ఇరికించమంటారు?

సరే, కృత్రిమ మేధ కింద నాచుకు చివరికి గ్రాంట్ వచ్చింది. ఆయన స్వీట్లు పంచారు. గ్రాంట్ రావడంతో పని అయిపోయిందనుకోవడం కొత్తవాళ్లు చేసే పొరపాటు. ఆయన అడిగిన మైక్రోస్కోప్‌ను ప్రపంచంలో తయారుచేసేది ఒకే కంపెనీ. మా నిబంధన ప్రకారం మూడు కొటేషన్లు కావాలి. మిగతా ఇద్దరు తయారీదారులు లేరని, ఆ లేనివాళ్ల దగ్గర్నుంచి కాకపోయినా కనీసం ఉన్నవాళ్ల దగ్గర్నుంచి ఉత్తరం తెమ్మన్నాం. ఐదు నెలలకు తెచ్చారు. మైక్రోస్కోప్ వచ్చింది. అది 'పరికరాలు' హెడ్, అంటే ఆ ఖర్చు రాసే పద్దు. దాని బల్బు 'వినియోగ వస్తువులు' హెడ్. ఆ హెడ్‌లో డబ్బు అయిపోయింది. పరికరాల హెడ్‌లో ఇంకో మైక్రోస్కోప్‌కు సరిపడా మిగిలి ఉంది. ఒక హెడ్ నుంచి ఇంకో హెడ్‌కు మార్చాలంటే నిధులిచ్చినవాళ్ల అనుమతి కావాలి, దానికో ఫారం ఉంది. ఈలోగా, బల్బు కోసం ఇంకో మైక్రోస్కోప్ కొనుక్కోమని సదుద్దేశంతోనే సలహా ఇచ్చాను. దానికీ మూడు కొటేషన్లే. "దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఏమిటో అనుకున్నాను" అన్నారాయన. మా విభాగాన్ని గుడితో పోల్చింది ఇప్పటిదాకా ఆయనొక్కరే.

పోయిన వారం ఆ మైక్రోస్కోప్‌కు మా రిజిస్టర్ నంబర్ స్టిక్కర్ అంటించడానికి ల్యాబ్‌కు వెళ్లాను. ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని త్రైమాసిక నివేదిక నింపుతున్నారు. కిటికీ పక్కన గాజు గిన్నెలో నాచు గోధుమరంగుకు తిరిగి, అగరువత్తి నుసిలా ఉంది. "పోయిందా సార్?" అన్నాను. ఆయన లేచి వచ్చి, నా చేతిలో ఉన్న నీళ్ల బాటిల్ తీసుకుని నాలుగు చుక్కలు వేశారు. ముందు ఏమీ కాలేదు. తర్వాత ముడుచుకున్న చిన్న చిన్న ఆకులు ఒక్కొక్కటే విచ్చుకోసాగాయి. నిమిషం తిరిగేసరికి గిన్నెలో ఒక మూలంతా పచ్చగా అయింది. ఇద్దరం దాని మీదికి వంగి చూస్తూ ఉండిపోయాం. "ఇదేనండీ" అన్నారాయన, మెల్లగా.

నేను కాలపట్టిక తీసి చూశాను. ఇది ఇరవై ఆరో నెల పని. మనం ఇంకా పద్నాలుగో నెలలోనే ఉన్నాం. పైగా ఆ నాలుగు చుక్కల నీళ్లు ఏ హెడ్ కింద చూపించాలో ఆయన్నే అడిగాను.