సవరణ: ఆధార్ లాక్‌కూ ఆఫీసు వేలిముద్ర యంత్రానికీ సంబంధం లేదు

ఆధార్ బయోమెట్రిక్ లాక్ (వేలిముద్ర వంటి గుర్తులతో ఆధార్ ధ్రువీకరణ జరగకుండా ఆపే సదుపాయం) చేసుకుంటే ఆఫీసు తలుపు దగ్గరి వేలిముద్ర యంత్రమూ మనల్ని గుర్తించదని ఇంతకుముందు రాశాను. అది తప్పు. ఆధార్ జారీ చేసే సంస్థ ఉడాయ్ ఇచ్చిన సమాచారం, యంత్రాల తయారీదారుల మాన్యువళ్లు చూశాక సరిచేస్తున్నాను.

ప్రైవేటు కార్యాలయాల్లో మామూలుగా కనిపించే యంత్రం, ఉద్యోగి పేరు నమోదు చేసినప్పుడు తీసుకున్న వేలిముద్ర టెంప్లేట్‌ను (ముద్ర గుర్తుల డిజిటల్ నమూనాను) తనలోనో సంస్థ సర్వర్‌లోనో దాచుకుని, దానితోనే పోల్చుకుంటుంది. లాక్ ప్రభావం ఆధార్ ధ్రువీకరణ మీదే ఉంటుంది: రేషన్ దుకాణం, వేలిముద్రతో డబ్బు తీసుకునే మైక్రో ఏటీఎం, ప్రభుత్వ కార్యాలయాల్లోని ఆధార్ ఆధారిత హాజరు వంటివి. అక్కడ 330 అనే ఎర్రర్ కోడ్ వస్తుంది. ఓటీపీతో చేసే ఆధార్ ధ్రువీకరణకు మాత్రం లాక్ అడ్డు కాదు.

దొంగిలించిన వేలిముద్రలతో ఆధార్ ధ్రువీకరణ చేసి ఖాతాల్లోని డబ్బు కాజేస్తున్నారు; లాక్ ఉంటే అది కుదరదు. నా మాట నమ్మి లాక్ తీసేసినవారు దయచేసి వెంటనే మళ్లీ పెట్టుకోండి.