స్టెంటు పడితే నడక మానాలా? ఓ వాట్సాప్ మెసేజ్‌కు జవాబు

వైజాగ్‌లో పొద్దున్నే బీచ్ రోడ్డు మీద నడిచేవాళ్ల గ్రూపుల్లో ఓ మెసేజ్ తెగ తిరుగుతోంది. గుండె రక్తనాళాల్లో బ్లాకులున్నవాళ్లు, స్టెంటు పడినవాళ్లు తప్పక చదవాలట. అందులో ఉన్నది ఇదీ: గుండె ఎన్నిసార్లు కొట్టుకోవాలో పుట్టుకతోనే లెక్క రాసి ఉంటుంది, వ్యాయామం చేస్తే ఆ లెక్క తొందరగా అయిపోతుంది. జోరుగా నడిస్తే స్టెంటు జారిపోతుంది. జిమ్ముకెళ్లేవాళ్లే కుప్పకూలుతున్నారు. కాబట్టి విశ్రాంతే మందు. కింద ‘ప్రముఖ కార్డియాలజిస్టు’ అని ఉంది, పేరు మాత్రం లేదు.

నేను ఫిజియోథెరపిస్టును. స్టెంటు పడ్డాకో, బైపాస్ అయ్యాకో మళ్లీ నడక మొదలుపెట్టేవాళ్ల పక్కన ఉండడం నా పని. ఈ మెసేజ్ చూపించి ‘అందుకే మానేశానండీ’ అనేవాళ్లు ఎక్కువయ్యారు. ఒక్కో మాటే తీసుకుందాం.

“కొట్టుకోవడానికి ఓ లెక్క ఉంటుంది”

అలాంటి లెక్క ఎవరి గుండెకూ లేదు. సరే, ఉందనే అనుకుందాం. నిమిషానికి 75 సార్లు కొట్టుకునే గుండె రోజుకు 1,08,000 సార్లు కొట్టుకుంటుంది. అరగంట నడకలో అది 110కి చేరితే అదనంగా ఖర్చయ్యేది 1,050. కొన్ని నెలలు క్రమంగా నడిచినవాళ్లకు ఊరికే కూర్చున్నప్పటి రేటు కొంత దిగుతుంది. 70కి దిగిందంటే మిగతా ఇరవై మూడున్నర గంటల్లో 7,050 మిగులుతాయి. మెసేజ్ రాసినాయన లెక్కలోనే నడిచినవాడికి లాభం! అసలు లాభం వేరే ఉంది. అలవాటు పడిన కండరాలు రక్తంలోని ఆక్సిజన్‌ను బాగా వాడుకుంటాయి, కాబట్టి అదే పనికి గుండె తక్కువ శ్రమపడుతుంది. మొన్నటిదాకా రెండో అంతస్తులో వచ్చిన ఛాతీ బరువు మూడో అంతస్తుదాకా రాకపోవడం ఇందువల్లే.

“స్టెంటు జారిపోతుంది”

జారదు. స్టెంటంటే సన్నని లోహపు జాలీ. బెలూన్‌ను సాధారణంగా 10 అట్మాస్ఫియర్లకు పైగా ఒత్తిడితో ఉబ్బించి దాన్ని రక్తనాళం గోడలోకి అదిమేస్తారు. కారు టైర్లో గాలి ఒత్తిడి అందులో నాలుగోవంతు కూడా ఉండదు. తర్వాత కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో దాని మీద రక్తనాళపు లోపలి పొర పెరిగి కప్పేస్తుంది. స్టెంటుకు నిజంగా చేటు చేసేది మాత్రలు ఆపడం. పన్ను పీకించుకోవాలనో, ఉపవాసమనో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి డాక్టరుకు చెప్పకుండా మానేస్తే స్టెంటులో రక్తం గడ్డకట్టవచ్చు. మెసేజ్‌లో దీని గురించి ఒక్క ముక్క లేదు. మణికట్టు నుంచి స్టెంటు వేస్తే మొదటి కొన్ని రోజులు ఆ చేత్తో నీళ్ల బకెట్టు ఎత్తకూడదు. అది చేతి గాయం మానడానికి, స్టెంటు కోసం కాదు.

“జిమ్ముకెళ్లేవాళ్లే పోతున్నారు”

2021 అక్టోబర్‌లో కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకే పోయాక ఈ భయం మన ఇళ్లలోకీ వచ్చింది. భయంలో కొంత నిజం ఉంది. 1993లో అమెరికాలో గుండెపోటు వచ్చిన సుమారు 1,200 మందిని, సరిగ్గా ముందు గంటలో ఏం చేశారని అడిగారు. ఒళ్లు వంచి బాగా కష్టపడ్డాక, ఆ తర్వాతి గంటలో ముప్పు మామూలుకన్నా సుమారు ఆరు రెట్లు పెరుగుతుందని తేలింది. మెసేజ్ వాళ్లు ఇక్కడే ఆగిపోతారు. ఆ అధ్యయనంలోనే, వారానికి ఒక్కసారైనా కష్టపడని వాళ్లలో ఆ పెరుగుదల 107 రెట్లు. వారానికి ఐదుసార్లో, అంతకన్నా ఎక్కువో చేసేవాళ్లలో 2.4 రెట్లే. అంటే ప్రమాదం అలవాటు లేని శ్రమలో ఉంది.

మన ఊళ్లో దానికి సింహాచలం గిరి ప్రదక్షిణ కన్నా మంచి ఉదాహరణ లేదు. ఏడాదంతా టీవీ ముందు కూర్చుని, ఆషాఢంలో ఆ ఒక్క రోజు తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి 32 కిలోమీటర్లు నడిచేస్తారు. అప్పన్న మీద భక్తి ఉంటే ఉగాది నుంచే రోజూ నడవండి!

“విశ్రాంతే మందు”

ఒకప్పుడు డాక్టర్లూ ఇదే అనేవారు. గుండెపోటు వస్తే వారాల తరబడి మంచం దిగనిచ్చేవారు కాదు. కాళ్లలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి చేరి పోయినవాళ్లున్నారు. 1952లో బోస్టన్ డాక్టర్లు లెవైన్, లౌన్ రోగుల్ని మంచం మీంచి కుర్చీలోకి మార్చడమే అప్పట్లో సాహసం. 1955లో గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ కోలుకుని, మరుసటి ఏడాది మళ్లీ ఎన్నికల్లో గెలిచాడు. మన వాట్సాప్ మెసేజ్ మాత్రం అంతకు ముందు కాలంలోనే ఆగిపోయింది.

2004లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో, గుండెజబ్బు నిలకడగా ఉన్న 101 మంది మగవాళ్లలో కొందరికి స్టెంటు వేసి, మిగతావాళ్లతో రోజూ సైకిల్ తొక్కించారు. ఏడాది తర్వాత గుండెకు సంబంధించిన కొత్త ఇబ్బంది రానివాళ్లు సైకిల్ వర్గంలో 88 శాతం, స్టెంటు వర్గంలో 70 శాతం. చిన్న అధ్యయనం, ఆడవాళ్లు లేరు. దీన్ని పట్టుకుని స్టెంటే వద్దనడం ఇంకో వాట్సాప్ మెసేజ్ అవుతుంది. కానీ 2021లో 85 అధ్యయనాలను, 23 వేలమందికి పైగా రోగులను కలిపి చూసినప్పుడు కూడా, వ్యాయామంతో కోలుకునే శిక్షణ (కార్డియాక్ రిహాబ్) పొందినవాళ్లలో గుండెజబ్బు మరణాలు, మళ్లీ గుండెపోట్లు, ఆస్పత్రి పాలవడం తగ్గాయి.

అలాగని అందరూ రేపే బయల్దేరమని కాదు. కూర్చున్నా నొప్పి వస్తున్నవాళ్లు, నొప్పి రోజురోజుకూ పెరుగుతున్నవాళ్లు, పడుకుంటే ఆయాసం వచ్చేవాళ్లు, గుండె కవాటం (వాల్వ్) బాగా సన్నబడినవాళ్లు ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. బైపాస్ అయినవాళ్లకు రొమ్ము ఎముక అతుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. నడక ఆస్పత్రిలోనే మొదలవుతుంది కానీ బరువులెత్తడం, తోయడం అప్పటిదాకా వద్దు.

ఇక నడక ఎలాగంటే, పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. చేతి గడియారం చూపించే నంబరుతో టెన్షన్ పడొద్దు. గుండె వేగాన్ని తగ్గించే మెటోప్రోలాల్ లాంటి మాత్రలు వాడేవాళ్లకు రేటు ఎలాగూ పెద్దగా పెరగదు. మొదటి ఐదు పది నిమిషాలు, చివరి ఐదు పది నిమిషాలు నెమ్మదిగా నడవాలి. పాండురంగాపురం డౌన్ దిగి బీచ్‌కి వచ్చేవాళ్లకు ఇక్కడే చిక్కు. దిగేటప్పుడు హాయిగా ఉంటుంది, అలసిపోయాక అదే ఎక్కాలి. మొదట్లో ఆటోలో వెళ్లి సమంగా ఉన్న బీచ్ రోడ్డు మీదే నడవడం మేలు. ఏప్రిల్, మే నెలల్లో ఉక్కపోత మొదలయ్యేలోపు ముగించుకోవాలి.

కాళికాలయం దగ్గర్నుంచి సబ్‌మెరైన్ వైపు నడుస్తూ, కొందరు ఉన్నట్టుండి ఆగి సముద్రం వైపు తిరుగుతారు. రెండు నిమిషాలు అలలు చూస్తున్నట్టు నిలబడి మళ్లీ కదులుతారు. అడిగితే ‘గ్యాస్ అండీ’ అంటారు. నడిస్తే పట్టేసి, ఆగితే వదిలేసే బరువును గ్యాస్ అని సరిపెట్టుకోకండి. షుగర్ ఉన్నవాళ్లకు నొప్పి లేకుండా ఆయాసం మాత్రమే రావచ్చు.

డాక్టరు సార్బిట్రేట్ రాసిచ్చి ఉంటే జేబులో ఉంచుకోండి. నొప్పి వస్తే ఆగి, కూర్చుని, నాలుక కింద పెట్టుకోవాలి. నిలబడి పెట్టుకుంటే బీపీ పడి కళ్లు తిరుగుతాయి. ఎవరూ పైకి అడగరు కాబట్టి చెబుతున్నాను: వయాగ్రా లాంటి మాత్రలు వాడేవాళ్లు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి, రెండూ కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. ఐదు నిమిషాల్లో నొప్పి తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. సొంత బండి నడుపుకుంటూ ఆస్పత్రికి బయల్దేరొద్దు.