ఆటలో అరటిపండు

వీధిలో పిల్లలు ఆడుకుంటున్నప్పుడు, సరిగా పరుగెత్తలేని చిన్నవాడు నేనూ వస్తానని మారాం చేస్తే ‘సరే, వీడు ఆటలో అరటిపండు’ అని కలుపుకోవడం మనందరికీ తెలుసు. దొంగ ముట్టుకున్నా వాడు అవుట్ కాడు. వాడు ఎవరిని ముట్టుకున్నా లెక్కలోకి రాదు. ఏ శిక్షణా లేకుండా పిల్లలు తమంతట తాము కనిపెట్టిన సర్దుబాటు అది. మన బడుల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల్లో చాలామందికి డ్రిల్లు పీరియడ్‌లో ఆ అరటిపండు పాత్ర కూడా దక్కదు. చెట్టు కింద కూర్చోబెట్టి ఆడేవాళ్ల చెప్పులకు, నీళ్ల బాటిళ్లకు కాపలా పెడతారు. మాస్టారు కాస్త మనసున్నవారైతే స్కోరు రాయమంటారు.

ఇది దయాదాక్షిణ్యాల సంగతి కాదు, చట్టం సంగతి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్, విద్యాసంస్థలు ఈ పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకోవడంతో పాటు ఆటల్లోనూ మిగతావారితో సమానంగా అవకాశం ఇచ్చేలా చూడాలంటోంది. 30వ సెక్షన్ ఇంకాస్త ముందుకెళ్లి క్రీడా కార్యక్రమాలను, సదుపాయాలను వారికి అనువుగా మార్చే బాధ్యత ప్రభుత్వాల మీద పెట్టింది. అంతకు చాలా ముందే, 2007లో, ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను మన దేశం ఆమోదించింది. బడిలో జరిగే ఆటలను కూడా అందులో ప్రత్యేకంగా పేర్కొన్నారు. చేర్చుకోవడం వరకు మన బడులు ఎంతో కొంత నేర్చుకున్నాయి. ర్యాంపులు కట్టారు, హాజరు పట్టీలో పేరు రాశారు. గంట కొట్టి అందరూ మైదానంలోకి పరుగెత్తాక ఆ పేరు ఎక్కడుందో చూసేవారే తక్కువ.

ఇందులో ఒక విడ్డూరం ఉంది. సీబీఎస్‌ఈ ఇంటర్ తరగతుల్లో వ్యాయామ విద్య తీసుకున్నవారికి ప్రత్యేక అవసరాల పిల్లల ఆటల మీద ఏకంగా ఒక యూనిట్ ఉంది. దాని మీద పరీక్షలో ప్రశ్నలొస్తాయి, మార్కులొస్తాయి. ఆ జవాబులు బట్టీ పట్టే తరగతి గది కిటికీలోంచి చూస్తే, ఆ పిల్లల్లో ఒకరు చెట్టు కింద కూర్చొని కనిపించినా ఆశ్చర్యం లేదు.

ఆటను పిల్లవాడికి తగ్గట్టు మార్చడమంటే ఏదో విదేశీ విద్య అనుకోనక్కర్లేదు. సందు ఇరుకుగా ఉంటే ‘వన్ టిప్ వన్ హ్యాండ్’ అని రూల్ పెట్టుకున్న జాతి మనది. ఎదురింటి ప్రహరీ దాటితే అవుట్ అన్నాం. కాలు బెణికిన వాడికి బై రన్నర్‌ను ఇచ్చాం (అంతర్జాతీయ క్రికెట్ 2011లో రన్నర్‌ను తీసేసింది గానీ గల్లీలో ఇంకా ఉన్నాడు). స్థలం కోసం రూల్ మారినప్పుడు మనిషి కోసం మారకూడదా? అంధుల క్రికెట్ చేసింది ఇదే. ప్లాస్టిక్ బంతిలో బేరింగులు వేసి చప్పుడయ్యేలా చేశారు. చెయ్యి పైకెత్తకుండా కిందినుంచే బౌలింగ్ వేయాలన్నారు. పూర్తిగా చూపు లేని బ్యాటర్ తీసిన ఒక్క పరుగును రెండుగా లెక్కిస్తారు. ఈ ఆటలోనే ఉమ్మడి గుంటూరు జిల్లా నుంచి వచ్చిన అజయ్ కుమార్ రెడ్డి భారత జట్టు కెప్టెన్ అయ్యాడు, 2023 అర్జున అవార్డు అందుకున్నాడు. ఇంత మార్చినా ఈ ఆటలో అవుటైనవాడు అవుటే. అరటిపండుకూ ఆటగాడికీ తేడా అక్కడే ఉంది.

బడి మైదానంలో ఇంతకన్నా చవకగా పని జరుగుతుంది. చప్పుడు చేసే బంతి దొరక్కపోతే మామూలు బంతికి పాలిథిన్ కవర్ చుట్టి కడితే చాలు, దొర్లినప్పుడల్లా గరగరమంటుంది, చూపు లేని పిల్ల దాని వెంట పడుతుంది. ఖోఖోలో వీపు తట్టడంతో పాటు ‘ఖో’ అని గట్టిగా అరవాలి. వినపడని పిల్లవాడున్న జట్టులో తట్టడమే చాలంటే సరిపోతుంది. పరుగు పందెంలో విజిల్‌తో పాటు రంగు జెండా ఊపాలి. సెరిబ్రల్ పాల్సీ ఉండి చెయ్యి విసరలేని అమ్మాయికి ఏడుపెంకులాటలో, సగానికి కోసిన పీవీసీ పైపును వాలుగా పెట్టి బంతి దొర్లించే వీలు కల్పించవచ్చు. పారాలింపిక్స్‌లో ఆడే బోచా ఆటలో ఆటగాళ్లు వాడే వాలుబల్ల సూత్రమూ ఇదే. ఆటిజం ఉన్న పిల్లలకు చాలాసార్లు ఆటతో కాదు, విజిల్ మోతతో, గుంపు తోపులాటతో ఇబ్బంది. ఈ రోజు ఏం ఆడబోతున్నామో ముందే బొమ్మల్లో చూపించి, నలుగురితో మొదలుపెడితే వారి టెన్షన్ చాలావరకు తగ్గుతుంది. బుద్ధిమాంద్యం ఉన్నవారికి ఒకేసారి పది సూచనలు కాకుండా ఒక్కొక్కటి, అదీ చేసి చూపిస్తూ చెప్పాలి.

మంచి మనసొక్కటే ఉంటే ఇది జరగదు, తెలిసి ఉండాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో కొందరికి మెడలోని పైఎముకల కీలు వదులుగా ఉంటుంది. డాక్టరు చూసి చెప్పకుండా వాళ్లతో పిల్లిమొగ్గలు వేయించడం ప్రమాదం. మూర్ఛ వచ్చే పిల్లవాడిని నీళ్లలోకి దింపితే పక్కనే కనిపెట్టుకుని ఒకరుండాలి. ఈ సంగతులు వ్యాయామ ఉపాధ్యాయుడికి ఎవరు చెప్పారు? చెప్పనప్పుడు ‘ఎందుకొచ్చిన గొడవ, పక్కన కూర్చో’ అనడం ఆయనకు సులువైన దారి. ఆ మాటకు కారణం నిర్దయ కంటే భయమే ఎక్కువసార్లు. కాబట్టి మాస్టారిని తిట్టి ఊరుకుంటే లాభం లేదు.

చెప్పగలిగినవారు మన దగ్గర లేరా అంటే, ఉన్నారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మండలాల్లో ఈ పిల్లలకు చదువు, థెరపీ అందించే భవిత కేంద్రాలున్నాయి, వారికి బోధించే ఐఈఆర్పీలున్నారు. మేధోపరమైన వైకల్యంపై పనిచేసే జాతీయ సంస్థ సికింద్రాబాద్‌లోనే ఉంది. భవిత కేంద్రంలో ఫిజియోథెరపిస్టుకు ఆ పాప కాలు ఎంత వంగుతుందో తెలుసు. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడికి (పీఈటీ) ఆట తెలుసు. వీరిద్దరూ ఒకచోట కూర్చుని మాట్లాడుకునే సందర్భమే మన వ్యవస్థలో లేదు. ఇంకో పొరపాటు కూడా జరుగుతోంది. ఫిజియోథెరపీ అందితే వ్యాయామం అందినట్టేనని అధికారులు లెక్క వేసుకుంటారు. కండరం సాగదీయడం వైద్యం. గెలవడం, ఓడడం, బంతి నాదంటే నాదని పోట్లాడుకోవడం ఆట. డిసెంబరు 3న, వికలాంగుల దినోత్సవం నాడు, మండల కేంద్రంలో కుర్చీలాట పెట్టి, స్టీలు గిన్నెలు పంచి, ఫొటోలు దిగి వచ్చేస్తే మిగిలిన పని దినాలన్నిటికీ బదులు తీరదు.

జీవాంజి దీప్తి పేరు ఇక్కడ చెప్పుకోవాలి. ఉమ్మడి వరంగల్ జిల్లా కల్లెడ నుంచి వచ్చిన ఈ అమ్మాయి 2024 మేలో జపాన్‌లోని కోబెలో మేధోపరమైన వైకల్యం ఉన్నవారి టీ20 విభాగంలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి అప్పటికి ప్రపంచ రికార్డు సృష్టించింది. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం తెచ్చింది. చిన్నప్పుడు ఊళ్లో హేళనలు పడిన పిల్ల. ఆమె పరుగును మొదట గుర్తించింది బళ్లో వ్యాయామ ఉపాధ్యాయుడు. ఆ తర్వాత కోచ్ నాగపురి రమేశ్ కంటపడింది. పతకం వచ్చాక సన్మానాలు చేశాం, నజరానాలు ప్రకటించాం, మంచిదే. అయితే ఆ రోజు బళ్లో ఆ మాస్టారు ఆమెను పక్కన కూర్చోమని ఉంటే ఈ కథే లేదు. పతకాల కోసమే ఆటలు పెట్టాలని మేము అనడం లేదు. ఎప్పటికీ ఏ పోటీలోనూ గెలవని పిల్లవాడికీ చెమట పట్టే హక్కుంది. వైకల్యమున్న 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకూ సగటున రోజుకు 60 నిమిషాల చురుకైన వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మిగతా పిల్లలకు చెప్పిందీ అంతే.

అమెరికా 1975లోనే తన ప్రత్యేక విద్య చట్టంలో వ్యాయామ విద్యను పేరు పెట్టి రాసుకుంది. గణితం, సైన్సు పేర్లు కూడా ఆ నిర్వచనంలో లేవు, డ్రిల్లు ఉంది. అక్కడ స్థిరపడిన మన తల్లిదండ్రుల్లో, పిల్లలకు ఈ అవసరమున్నవారికి ఐఈపీ (వ్యక్తిగత విద్యా ప్రణాళిక) సమావేశాలు కొత్త కాదు. ఒక్కొక్క బిడ్డకు రాసే ఆ ప్రణాళికలో వ్యాయామం సంగతి కూడా అడగవచ్చు. మన ఐఈఆర్పీలు రాసే పత్రాల్లో అలాంటి ఒక్క వరుస చేర్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు.

డబ్బు లేదనడం పూర్తిగా నిజం కాదు. సమగ్ర శిక్ష కింద క్రీడా సామగ్రికి ప్రాథమిక పాఠశాలకు ఏటా రూ.5 వేలు, ప్రాథమికోన్నతకు రూ.10 వేలు, ఉన్నత పాఠశాలకు రూ.25 వేల వరకు ఇచ్చే వీలుంది. ఆ జాబితాలో నాలుగు మెత్తటి బంతులు, లోపల గంటలు మోగే బంతులు రెండు, ఒక రంగు జెండా చేరితే కొంప మునగదు. అసలు లోటు మనుషులది. ప్రాథమిక తరగతుల్లో 10 మంది ప్రత్యేక పిల్లలకు ఒకరు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులుండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. 2025 మార్చిలో పోస్టులు మంజూరు చేయాలని రాష్ట్రాలను మళ్లీ ఆదేశించాల్సి వచ్చింది. పీఈటీల సంగతి అంతకన్నా గొప్పగా లేదు. విద్యాహక్కు చట్టమే వ్యాయామానికి పార్ట్ టైం బోధకుడిని 6 నుంచి 8 తరగతుల్లో పిల్లలు వంద దాటితేనే అడిగింది. ఇక మైదానమే లేని అపార్టుమెంటు బడుల గురించి, పరీక్షలు దగ్గరపడగానే డ్రిల్లు పీరియడ్‌ను లెక్కల మాస్టారు ఎత్తుకుపోవడం గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది. అక్కడ ఏ పిల్లలకూ ఆట లేదు.

‘పడితే ఎవరిది బాధ్యత?’ అని తల్లిదండ్రులూ వెనక్కు లాగుతారు. ఏళ్ల తరబడి ఆస్పత్రుల చుట్టూ తిరిగిన తల్లి అలా అనడంలో తప్పేమీ లేదు. ఒకసారి ఆమెనే మైదానం అంచున కూర్చోబెట్టి, బిడ్డ ఏం చేయగలదో ఆమె నోటే చెప్పించుకుంటే మాస్టారి పని సగం తేలికవుతుంది. మిగతా పిల్లలను కూడా అడగండి. రూల్ ఎలా మార్చాలో వాళ్లకు మనకన్నా బాగా తెలుసు.

జూన్‌లో బడులు తెరిచేలోపు రెండు రాష్ట్రాల విద్యాశాఖలూ ఒక పని చేయవచ్చు. మండలానికొకచోట పీఈటీలను, ఐఈఆర్పీలను, ఫిజియోథెరపిస్టులను రెండు రోజులు కలిపి కూర్చోబెట్టాలి. ఉపన్యాసాలు కాదు, మైదానంలో. ఆ పైన తనిఖీకి వెళ్లే ప్రతి ఎంఈఓ, హాజరు పట్టీ తిరగేసే ముందు డ్రిల్లు పీరియడ్‌లో ఒకసారి మైదానం వైపు నడవాలి. చెట్టు కింద ఎవరు కూర్చున్నారో చూడాలి. ఎందుకు కూర్చున్నారో ఆ పిల్లలనే అడిగి, వాళ్లు చెప్పిన జవాబును తనిఖీ రిజిస్టరులో రాయాలి.